‘ఫుల్ స్పెక్ట్రమ్’ బల్బులు ఇంటికి అవసరమా?

చీర మీదికి జాకెట్టు గుడ్డ కొనడానికి మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లినవాళ్లకు ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. కౌంటర్ మీద నాలుగైదు తానులు పరిచి, చీర అంచు పక్కన పెట్టి చూసి, రంగు కుదిరిందనుకున్నాక కూడా చాలామంది అక్కడితో ఆగరు. చీరనూ గుడ్డనూ పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, పగటి వెలుతురులో మరోసారి చూసుకుంటారు. దుకాణం లోపల అచ్చుగుద్దినట్టు కలిసిన రెండు మెరూన్ రంగులు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి విడిపోవడం మామూలే. ఒకటి ఇటుక రంగువైపు, ఇంకొకటి వంగపండు రంగువైపు జరుగుతుంది. కౌంటర్ వెనక ఉన్న అబ్బాయి ఆశ్చర్యపోడు. "ఇక్కడ లైటింగ్ అంతేనండీ, బయట చూసుకోండి" అంటాడు.

ఆ అబ్బాయి చెప్పిన ‘లైటింగ్’ సమస్యకు పరిష్కారంగానే ‘ఫుల్ స్పెక్ట్రమ్’ బల్బులు మార్కెట్‌లోకి వచ్చాయి. సూర్యకాంతిలో ఉన్న రంగులన్నీ వీటిలో ఉంటాయన్నది తయారీదారుల మాట. అక్కడితో ఆగితే పేచీ లేదు. కానీ కళ్లకు హాయి, పిల్లల చూపుకు రక్షణ, మనసుకు ఉత్సాహం, మంచి నిద్ర, కొన్నిచోట్ల విటమిన్-డి కూడా అంటూ జాబితా సాగుతుంది. ధర మామూలు ఎల్‌ఈడీ బల్బుకు మూడు నాలుగు రెట్లు, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. పిల్లవాడి చదువు బల్ల మీదికి ‘కంటికి మేలు చేసే’ దీపం కొనమని ఎవరైనా చెబితే, తల్లిదండ్రులు ఆ డబ్బు గురించి పెద్దగా ఆలోచించరు. అందుకే ఈ ప్రచారంలో నిజమెంతో విడదీసి చూడాల్సి వస్తోంది.

తెలుపులో ఎన్ని తెలుపులు

సూర్యకాంతిని పట్టకం గుండా పంపితే ఊదా నుంచి ఎరుపు దాకా రంగులు విడిపోతాయని బడిలో చదువుకున్నాం. సుమారు 380 నుంచి 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వరకు ఉండే ఈ పట్టీలో ఎక్కడా పెద్ద ఖాళీ ఉండదు. పాతకాలపు ఫిలమెంట్ బల్బు కాంతి కూడా ఇంతే. వేడెక్కిన టంగ్‌స్టన్ తీగ నుంచి వచ్చే కాంతి కాబట్టి అందులో అన్ని రంగులూ వరుసగా ఉంటాయి. కాకపోతే ఎరుపు ఎక్కువ, నీలం బాగా తక్కువ. పైగా ఆ బల్బు తీసుకునే కరెంటులో నూటికి అయిదు వంతులో, అంతకు కాస్త ఎక్కువో మాత్రమే వెలుగుగా మారుతుంది, మిగతాదంతా వేడే.

ట్యూబ్‌లైటు పనిచేసే తీరు వేరు. గొట్టంలోని పాదరసపు ఆవిరి అతినీలలోహిత కిరణాలను విడుదల చేస్తే, గొట్టం లోపలి గోడకు పూసిన ఫాస్ఫర్ పొడి వాటిని కంటికి కనిపించే కాంతిగా మారుస్తుంది. ఆ కాంతిలో కొన్ని రంగులు గట్టిగా ఉంటే, వాటి మధ్య రంగులు దాదాపు ఉండవు. పాదరసం స్వయంగా ఇచ్చే నీలపు గీత ఒకటి 435.8 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. సి.వి.రామన్ 1928లో తన పేరుమీద ప్రసిద్ధమైన ప్రభావాన్ని పరిశీలించినప్పుడు వాడిన పాదరసపు దీపంలోని ముఖ్యమైన గీత కూడా అదే. ఒకే ఒక్క గీతగా వచ్చే కాంతి ఆ ప్రయోగానికి వరం, చీరల దుకాణానికి మాత్రం కాదు.

ఇప్పుడు ఇళ్లలో ఉన్నవి ఎక్కువగా ఎల్‌ఈడీలు. నీలిరంగు ఎల్‌ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. మన బల్బు లోపల ఉండేది ఆ నీలపు చిప్పే. దాని కాంతి 450 నానోమీటర్ల దగ్గర గుమికూడి ఉంటుంది. చిప్పు మీద పూసిన పసుపు ఫాస్ఫర్ ఆ నీలంలో కొంత భాగాన్ని తీసుకుని పసుపు చుట్టుపక్కల రంగులుగా మారుస్తుంది. మిగిలిన నీలం, ఈ పసుపు కలిసి కంటికి తెల్లగా కనిపిస్తాయి. అయితే ఈ తెలుపులో రెండుచోట్ల లోటు ఉంటుంది. నీలానికీ పచ్చకూ మధ్య 480 నానోమీటర్ల దగ్గర ఒక గుంట పడుతుంది. అవతలి చివర ముదురు ఎరుపు పలచబడుతుంది.

ఇంట్లో పాత సీడీ ఉంటే దీన్ని కళ్లారా చూడొచ్చు. రాత్రిపూట గదిలో ఒకే దీపం ఉంచి, సీడీ మెరిసే వైపును అటూ ఇటూ వంచుతూ దీపం ప్రతిబింబం పక్కన పడే రంగుల పట్టీని గమనించాలి. సీఎఫ్ఎల్ కింద రంగులు ముక్కలు ముక్కలుగా విడివిడిగా కనిపిస్తాయి. ఫిలమెంట్ బల్బు కింద అతుకుల్లేకుండా సాగుతాయి. ఎల్‌ఈడీ కింద పట్టీ ఒకటిగానే ఉన్నా, నీలం దాటాక మసకబారి మళ్లీ తేరుకుంటుంది. సూర్యుడితో మాత్రం ఈ ప్రయోగం చేయకూడదు, సీడీ మీది ప్రతిబింబం కూడా కంటికి ప్రమాదమే.

మన కంటికి ఈ లోట్లు నేరుగా తెలియవు. రంగుల్ని గుర్తించే కణాలు కంట్లో మూడే రకాలు. ఆ మూడింటినీ తగిన పాళ్లలో కదిలిస్తే చాలు, మెదడు ‘తెలుపు’ అని తీర్పు ఇచ్చేస్తుంది. ఆ తెలుపు ఎన్ని రంగుల నుంచి వచ్చిందో లెక్క అడగదు. తేడా బయటపడేది కాంతి వస్తువు మీద పడినప్పుడే. టమాటా ఎర్రగా కనిపించాలంటే దాని మీద పడే కాంతిలో ముందు ఎరుపు ఉండాలి, ఉన్న ఎరుపునే అది తిప్పి పంపగలదు. మెరూన్ చీర, జాకెట్టు గుడ్డ వేర్వేరు అద్దకాల్లో తయారైనవి కాబట్టి ఏ తరంగదైర్ఘ్యాన్ని ఎంత తిప్పి పంపాలన్న విషయంలో వాటి తీరు వేరు. దుకాణం దీపంలో లేని రంగుల దగ్గరే ఆ తేడా దాగి ఉంటే రెండూ ఒకటిగా కనిపిస్తాయి, పగటి వెలుతురు పడగానే విడిపోతాయి. దీన్ని శాస్త్రవేత్తలు మెటామెరిజం అంటారు.

పేరు ఉంది, నిర్వచనం లేదు

‘ఫుల్ స్పెక్ట్రమ్’ అనే మాట ఎల్‌ఈడీల కంటే చాలా పాతది. మొక్కలు పెరగడాన్ని టైమ్‌లాప్స్ పద్ధతిలో చిత్రీకరించిన జాన్ ఓట్ అనే అమెరికన్ దీనికి ప్రచారం కల్పించినవాళ్లలో ఒకరు. 1960ల నుంచే అమెరికాలో ఈ పేరుతో ట్యూబ్‌లైట్లు అమ్మారు. వాటి చుట్టూ ఆరోగ్య ప్రచారం ఎంత ముదిరిందంటే, 1986లో ఆ దేశపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ జోక్యం చేసుకుని అలాంటి ప్రచారం వినియోగదారులను మోసగించడమేనని చెప్పాల్సి వచ్చింది.

తర్వాత పరిశోధకులూ ఈ విషయాన్ని తూచి చూశారు. కెనడా జాతీయ పరిశోధన మండలికి చెందిన జెన్నిఫర్ వీచ్, షెల్లీ మెక్‌కాల్‌తో కలిసి అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను 2001లో సమీక్షించారు. ఆరోగ్యం మీద గానీ ప్రవర్తన మీద గానీ ఫుల్ స్పెక్ట్రమ్ ట్యూబ్‌లైట్లు చెప్పుకోదగ్గ ప్రభావం చూపుతాయనడానికి ఆధారాలు నిలబడలేదని వాళ్లు తేల్చారు. అమెరికాలోని రెన్‌సెలర్ పాలిటెక్నిక్‌కు చెందిన లైటింగ్ రీసెర్చ్ సెంటర్ 2003లో ఇంకా సూటిగా చెప్పింది. ఫుల్ స్పెక్ట్రమ్ అనేది సాంకేతిక పదం కాదని, అమ్మకాల కోసం పుట్టిన మాట అని.

ఈ పరిస్థితి నేటికీ పెద్దగా మారలేదు. ఏ బల్బును ఇలా పిలవాలో చెప్పే నిర్వచనం లేదు కాబట్టి, పెట్టె మీద ఆ మాట ఉన్నంత మాత్రాన లోపల ఏముందో తెలియదు. 6500 కెల్విన్ రంగు ఉష్ణోగ్రత ఉన్న మామూలు ఎల్‌ఈడీనే ‘కూల్ డేలైట్’ అని, ఇంకో అడుగు వేసి ‘సూర్యకాంతి’ అని అమ్మేవాళ్లూ ఉంటారు. రంగు ఉష్ణోగ్రత చెప్పేది ఆ తెలుపు పసుపు ఛాయలో ఉందా నీలపు ఛాయలో ఉందా అన్నది మాత్రమే. అందులో ఏయే రంగులు ఉన్నాయో, ఏవి లేవో అది చెప్పదు.

చూడాల్సిన అంకె

పెట్టె మీద ఆ పేరుకంటే నమ్మదగ్గది సీఆర్‌ఐ అనే అంకె. పూర్తి పేరు కలర్ రెండరింగ్ ఇండెక్స్. కాంతి ప్రమాణాలను నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ సీఐఈ 1965లో దీన్ని ప్రవేశపెట్టింది. ఎనిమిది నమూనా రంగులను ఒక ఆదర్శ కాంతిలోనూ, పరీక్షించాల్సిన దీపం కాంతిలోనూ పోల్చి, తేడా ఎంత తక్కువగా ఉంటే అంత ఎక్కువ మార్కులు వేస్తారు. గరిష్ఠం 100. ఒకప్పుడు హైవేల మీద వెలిగిన పసుపు సోడియం దీపాలకు వచ్చేవి పాతిక మార్కుల లోపే. ఎర్రకారు ఆ వెలుగులో మట్టిరంగులో కనిపించడానికి కారణం అదే. ఇళ్లలో వాడే సాధారణ ఎల్‌ఈడీలు 80 చుట్టూ ఉంటాయి. మంచి ఫుల్ స్పెక్ట్రమ్ బల్బులకు 95 పైన వస్తాయి.

ఈ అంకెలోనూ ఒక కిటుకు ఉంది. ఆ ఎనిమిది నమూనాలూ లేతరంగులే. ముదురు ఎరుపు తొమ్మిదో నమూనా, సాంకేతికంగా ఆర్9. సగటులో దాన్ని లెక్కించరు. దాంతో సీఆర్‌ఐ 80 అని రాసి ఉన్న ఎల్‌ఈడీకి ఆర్9 సున్నా దగ్గరో, పదీ ఇరవై దగ్గరో ఉండొచ్చు, కొన్నిసార్లు సున్నా కంటే తక్కువకూ పడిపోతుంది. అన్ని సబ్జెక్టుల సగటు బాగుండి లెక్కల్లో తప్పిన విద్యార్థిలాంటిదన్నమాట. మన ఇళ్లలో ఈ ఎరుపు చిన్న విషయం కాదు. కుంకుమ, ఎండుమిర్చి కారం, పట్టుచీర అంచు, మాంసం తాజాదనం, చివరికి మనిషి చర్మపు ఛాయ, అన్నీ ఎరుపు మీద ఆధారపడినవే. సాధారణ ఎల్‌ఈడీ కింద ముఖాలు కాస్త పాలిపోయినట్టు కనిపించడానికి కారణం చాలావరకు ఇదే.

ఇంకో విడ్డూరం ఏమిటంటే, ఫిలమెంట్ బల్బుకు సీఆర్‌ఐలో దాదాపు 100 వస్తుంది. 5000 కెల్విన్ లోపు దీపాలను పోల్చే ఆదర్శమే అలాంటి వేడెక్కిన వస్తువు కాంతి కాబట్టి. అయినా ఆ పసుపు వెలుగులో నల్ల సాక్సు ఏదో నేవీ బ్లూ సాక్సు ఏదో తేల్చుకోలేక బడికి ఆలస్యమైన పిల్లలు ఒక తరమంతా ఉన్నారు. నీలం అంత తక్కువ మరి. ఈ లోపాలు సరిదిద్దడానికి అమెరికాలోని ఇల్యూమినేటింగ్ ఇంజినీరింగ్ సొసైటీ 2015లో 99 నమూనా రంగులతో టీఎం-30 అనే కొత్త పద్ధతి తెచ్చింది. మన దుకాణాల్లో పెట్టెల మీద ఆ అంకెలు ఇంకా అరుదు.

తయారీదారులు 95 మార్కుల దాకా ఎలా వెళ్తారు? ఒక దారి, పసుపు ఫాస్ఫర్‌కు తోడు ఎరుపు, ఆకుపచ్చ ఫాస్ఫర్లు కలపడం. ఇంకో దారి, నీలం చిప్పుకు బదులు ఊదా చిప్పు పెట్టి, నీలం సహా అన్ని రంగులనూ ఫాస్ఫర్ల నుంచే రాబట్టడం. రెండో దారిలో 480 దగ్గరి గుంట కూడా చాలావరకు పూడుతుంది. రెండింటిలోనూ సామర్థ్యం కొంత పోతుంది. మన కన్ను 555 నానోమీటర్ల పసుపుపచ్చకు చూపే స్పందనను 100 అనుకుంటే, 610 దగ్గరి నారింజ ఎరుపుకు 50, 650 దగ్గరి ముదురు ఎరుపుకు 11 మాత్రమే. అంటే ముదురు ఎరుపు పుట్టించడానికి అయ్యే కరెంటు, కంటికి వెలుగుగా పెద్దగా లెక్కకు రాదు. అదే ల్యూమెన్లకు నూటికి పది, ఇరవై శాతం ఎక్కువ కరెంటు కావాలి.

ఆ తేడా బిల్లులో ఎంత? 9 వాట్ల బల్బు బదులు 11 వాట్లది రోజుకు 5 గంటలు వెలిగిందనుకుందాం. ఏడాదికి అదనంగా ఖర్చయ్యేది 3.65 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలైనా పాతిక రూపాయల చిల్లర. కాబట్టి ఇక్కడ ఆలోచించాల్సింది కరెంటు గురించి కాదు, బల్బు ధర గురించి. ఒక దేశంగా చూస్తే మాత్రం లెక్క వేరు. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకంలో 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంపిణీ అయ్యాయి. 2014లో సుమారు 310 రూపాయలున్న సేకరణ ధర 2016 నాటికి 38కి దిగింది. ఆ దశలో ముఖ్యమైన ప్రశ్న వాటుకు ఎన్ని ల్యూమెన్లన్నదే. రంగు నాణ్యత గురించి తీరిగ్గా మాట్లాడుకోవడం ఇప్పుడు సాధ్యమవుతోందంటే అది ఆ చవక బల్బుల పుణ్యమే.

ఆరోగ్యం మాటేమిటి

ముందుగా తేలిగ్గా కొట్టేయగలిగింది విటమిన్-డి. చర్మంలో అది తయారవ్వాలంటే 290 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే అతినీలలోహిత-బి కిరణాలు కావాలి. అవి కంటికి కనిపించవు, కిటికీ అద్దాన్ని కూడా దాదాపు దాటలేవు. ఇంటి దీపంగా అమ్మే ఎల్‌ఈడీ బల్బులో అవి ఉండవు, ఉండకూడదు కూడా.

నిద్ర, శరీర గడియారం సంగతి కాస్త నిలబడి చూడాలి, ఎందుకంటే ఇందులో అసలైన విజ్ఞానం ఉంది. కంటి రెటీనాలో చూపుకు పనికొచ్చే కణాలే కాక, మెలనాప్సిన్ అనే వర్ణకం ఉన్న మరికొన్ని నాడీకణాలు స్వయంగా వెలుతురును పసిగడతాయని 2002లో డేవిడ్ బెర్సన్ బృందం చూపింది. ఇప్పుడు పగలా రాత్రా అన్న కబురు మెదడుకు చేరవేసేవి ఇవే. ఇవి బాగా స్పందించేది 480 నానోమీటర్ల దగ్గర, అంటే సరిగ్గా మామూలు ఎల్‌ఈడీలో గుంట పడే చోట. ఫుల్ స్పెక్ట్రమ్ బల్బు ఆ గుంటను పూడ్చుతుంది కాబట్టి శరీర గడియారానికి మేలు అనే వాదన ఇక్కడి నుంచే వచ్చింది. వినడానికి సబబుగానే ఉంది. కానీ లెక్క వేస్తే?

నిద్ర, కాంతి పరిశోధకులు కొందరు కలిసి 2022లో ప్లాస్ బయాలజీ పత్రికలో ఒక సిఫారసు ప్రచురించారు. పగటిపూట కంటి దగ్గర ఈ కణాల లెక్క ప్రకారం కొలిచే కాంతి, మెలనోపిక్ లక్స్ అనుకుందాం, కనీసం 250 ఉండాలి. పడుకోవడానికి మూడు గంటల ముందు నుంచి 10కి మించకూడదు. నిద్రలో 1 దాటకూడదు.

ఇప్పుడు పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న గదిలో 900 ల్యూమెన్ల బల్బు ఒకటి వెలుగుతోందనుకుందాం. గది వైశాల్యం 9.3 చదరపు మీటర్లు. గోడలూ పైకప్పూ మింగేది పోగా సగం వెలుగు పనికొచ్చినా, బల్ల మీద 50 లక్స్‌కు మించదు. కూర్చున్న మనిషి కంటికి ఎదురుగా చేరేది అందులో సగం, పాతిక లక్స్ అనుకోవచ్చు. 4000 కెల్విన్ మామూలు ఎల్‌ఈడీలో ఒక లక్స్‌కు సుమారు 0.65 మెలనోపిక్ లక్స్ వస్తుంది. 250 కావాలంటే కంటి దగ్గర 385 లక్స్ ఉండాలి, అంటే పదిహేను బల్బులు. గుంట పూడ్చిన బల్బులో 0.65 బదులు 0.8 వచ్చిందనుకుంటే పన్నెండు, పదమూడు బల్బులు. ఉజ్జాయింపు లెక్కే అయినా విషయం తెలుస్తోంది. ఖరీదైన బల్బు తగ్గించిన దూరం చాలా చిన్నది. అదే గదిలో కుర్చీని కిటికీ పక్కకు జరిపితే పగటిపూట వందల నుంచి వెయ్యి లక్స్ దాకా ఉచితంగా వస్తుంది. చెట్టు నీడలో నిలబడితే వేలల్లో ఉంటుంది, నడి ఎండలో లక్ష.

సాయంత్రమైతే వ్యవహారం తిరగబడుతుంది. పగలు మేలు చేస్తుందన్న ఆ 480 నానోమీటర్ల కాంతే పడుకునే ముందు అక్కర్లేనిది. పాతిక లక్స్ దగ్గర 2700 కెల్విన్ పసుపు ఛాయ బల్బు 10, 11 మెలనోపిక్ లక్స్ ఇస్తే, 6500 కెల్విన్ బల్బు దానికి రెట్టింపు ఇస్తుంది. మన ఇళ్లలో దీపాలు వెలిగేది ఎక్కువగా సాయంత్రం నుంచి రాత్రి పది, పదకొండు దాకానే. కాబట్టి పడకగదిలో తెల్లటి ఫుల్ స్పెక్ట్రమ్ బల్బు పెట్టి నిద్ర బాగుపడాలని ఆశించడం తలకిందులైన పని.

శీతాకాలపు దిగులుకు వాడే కాంతి చికిత్సను కూడా ఈ బల్బులతో కలిపి చెబుతుంటారు. ఉత్తర దేశాల్లో చలికాలంలో సూర్యుడు సరిగా కనిపించక కొందరికి వచ్చే ఈ కుంగుబాటుకు కాంతి చికిత్స నిజంగా పనిచేస్తుంది. కెనడాలోనో, స్వీడన్‌లోనో స్థిరపడిన తెలుగువాళ్లకు ఇది పరిచయమైన విషయమే. అయితే అక్కడ వాడేది ముఖానికి దగ్గరగా 10,000 లక్స్ ఇచ్చే ప్రత్యేకమైన పెట్టె, ఉదయంపూట అరగంట, అదీ డాక్టరు సలహాతో. పనిచేసేది ఆ వెలుగు తీవ్రత. గది మధ్య వేలాడే బల్బు ఏ రకమైనా దానికి సాటి రాదు.

ఇక పిల్లల చూపు. దూరపు వస్తువులు మసకగా కనిపించే హ్రస్వదృష్టి ఆసియా నగరాల్లో వేగంగా పెరుగుతోంది. ఢిల్లీ బడిపిల్లల మీద జరిగి 2015లో వెలువడిన అధ్యయనంలో 13.1 శాతం మందికి ఇది ఉన్నట్టు తేలింది, రోజుకు రెండు గంటలకు పైగా ఆరుబయట గడిపే పిల్లల్లో ముప్పు తక్కువగా కనిపించింది. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఇదే విషయాన్ని ప్రయోగంగా పరీక్షించారు. కొన్ని బడుల్లో ఆరేళ్ల పిల్లలకు రోజూ 40 నిమిషాలు ఆరుబయట అదనపు పీరియడ్ పెట్టారు, మిగతా బడుల్లో పెట్టలేదు. మూడేళ్ల తర్వాత కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవాళ్లు ఆరుబయట గడిపిన బడుల్లో 30.4 శాతం, మిగతావాటిలో 39.5 శాతం. ప్రకాశవంతమైన వెలుతురు పడినప్పుడు రెటీనాలో డోపమిన్ విడుదలై, కనుగుడ్డు అతిగా సాగకుండా ఆపుతుందన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఆ పీరియడ్‌లో పిల్లలకు అందినది వేల లక్స్. బల్ల మీద దీపం ఇచ్చేది కొన్ని వందలు. ‘కంటి రక్షణ’ దీపానికి పెట్టే రెండు మూడు వేలు పిల్లవాడికి మంచి రంగుల్ని చూపిస్తాయేమో గానీ, అద్దాల అవసరాన్ని ఆపుతాయనడానికి ఆధారం లేదు. ఆ దీపం ఉందన్న ధీమాతో సాయంత్రం ఆట మానిపించి చదువుకు కూర్చోబెడితే నష్టమే.

ఎల్‌ఈడీలోని నీలం కళ్లను పాడుచేస్తుందన్న భయం మీద కూడా ఈ బల్బులు అమ్ముడవుతున్నాయి. యూరోపియన్ యూనియన్ శాస్త్రీయ కమిటీ 2018లో దీన్ని పరిశీలించి, మామూలు వాడకంలో సాధారణ ప్రజల ఆరోగ్యానికి ఎల్‌ఈడీల వల్ల నేరుగా హాని జరుగుతుందనడానికి ఆధారాలు లేవని చెప్పింది.

అయితే ఎక్కడ పెట్టాలి

ఆరోగ్య ప్రచారం పక్కన పెడితే మిగిలేది రంగు. దాని విలువను తక్కువ చేయాల్సిన పనిలేదు. బట్టల బీరువా ముందు, అద్దం దగ్గర, కుట్టుమిషను పైన, బొమ్మలు వేసే పిల్లల బల్ల మీద, వంటింట్లో స్టవ్ పైన 95 సీఆర్‌ఐ బల్బు పెడితే తేడా మొదటి రోజే తెలుస్తుంది. ఉల్లిపాయ బంగారు రంగుకు వచ్చిందా, మాడుతోందా అన్నది గరిట తిప్పకుండానే కనిపిస్తుంది. ఇంట్లో కుట్టుపని మీద బతికే మహిళకు దారం రంగు, గుడ్డ రంగు రాత్రిపూట కూడా సరిగ్గా కుదరడమంటే, మర్నాడు విప్పి కుట్టే పని తప్పడం. ఆమెకు ఆ బల్బు ధర నెల తిరక్కుండా గిట్టుబాటవుతుంది.

పసిబిడ్డ ఉన్న ఇంట్లో మరో విషయం. పుట్టిన మొదటి రోజుల్లో కామెర్లు వచ్చాయేమో చూసుకోమని డాక్టర్లు చెబుతారు. పసుపు ఛాయ బల్బు కింద ఆ పసుపును గుర్తించడం కష్టం. రంగు బాగా చూపే తెల్లటి దీపం కొంత నయమే గానీ, బిడ్డను కిటికీ దగ్గరి పగటి వెలుతురులో చూడడమే సరైన పద్ధతి. అనుమానం వస్తే పరీక్ష చేయాల్సింది ఆస్పత్రిలోనే.

వరండా, మెట్లు, స్నానాలగది, సామాన్ల గది, వీటికి మామూలు ఎల్‌ఈడీ చాలు. హాల్లో అన్ని బల్బులూ మార్చడం డబ్బు దండగ. ముఖాలు బాగా కనిపించాలనుకుంటే కూర్చునే చోట ఒకటి మారిస్తే సరిపోతుంది. పూజగది మాత్రం ఇంటివాళ్ల ఇష్టం, అక్కడ కుంకుమ రంగుకు ఆర్9 పోటీగా నూనె దీపం ఎలాగూ ఉంది.

పెద్దవాళ్ల గది విషయంలో పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. వయసుతో కంటి కటకం పసుపెక్కి, కనుపాప చిన్నదవుతుంది. ఇరవై ఏళ్ల వాళ్ల రెటీనాకు చేరే వెలుగులో అరవై ఏళ్ల వాళ్లకు చేరేది సుమారు మూడోవంతే. పేపరు చదవడానికి ఇబ్బంది పడుతున్న తాతగారికి కావాల్సింది ముందు ఎక్కువ ల్యూమెన్లు, చదివే కాగితం మీద నేరుగా పడే దీపం. సీఆర్‌ఐ ఆ తర్వాతి మాట.

బల్బుల కింద కూర్చుంటే తలనొప్పి, కళ్లు లాగడం అనిపించేవాళ్లు కూడా ముందు అనుమానించాల్సింది స్పెక్ట్రమ్‌ను కాదు, మినుకును. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, డ్రైవర్ సర్క్యూట్ నాసిరకంగా ఉన్న ఎల్‌ఈడీ సెకనుకు 100 సార్లు వెలిగి మసకబారుతుంది. కంటికి కనిపించకపోయినా కొందరికి అది ఇబ్బంది పెడుతుంది. ఫోన్ కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి బల్బు వెలుగు పడే తెల్లగోడను తీస్తే, నల్లటి చారలు కదలడమో వెలుగు కొట్టుకోవడమో కనిపిస్తుంది. ఫుల్ స్పెక్ట్రమ్ అని రాసి ఉన్నవాటిలోనూ మినుకు ఉండొచ్చు. రెండింటికీ సంబంధం లేదు.

కొనేటప్పుడు ముందువైపు పెద్దక్షరాలను వదిలేసి పెట్టె పక్కలు చదవాలి. సీఆర్‌ఐ లేదా ఆర్ఏ అన్నచోట 90 పైన ఉందా, ఆర్9 రాసి ఉంటే కనీసం 50 ఉందా, ల్యూమెన్లు ఎన్ని, రంగు ఉష్ణోగ్రత ఎంత అన్నవి చూడాలి. పనిచేసే చోటుకు 4000 కెల్విన్ చుట్టూ, విశ్రాంతి తీసుకునే చోటుకు 2700 నుంచి 3000 మధ్య బాగుంటుంది. భారత ప్రమాణాల సంస్థ నమోదు గుర్తు భద్రతకు సంబంధించింది. బీఈఈ నక్షత్రాలు చెప్పేది కరెంటు పొదుపు గురించే, ఎక్కువ నక్షత్రాలున్న బల్బు రంగులు బాగా చూపుతుందని కాదు. పెట్టె మీద ‘ఫుల్ స్పెక్ట్రమ్’ అని ఉండి సీఆర్‌ఐ అంకె లేకపోతే ఆ పెట్టెను తిరిగి అరలో పెట్టేయొచ్చు.

ఇంటికి తెచ్చాక ఒక చిన్న పరీక్ష. పగటిపూట కిటికీ పక్కన ఒక తెల్ల పళ్లెంలో కారం, పసుపు, కరివేపాకు, ఒక నేవీ బ్లూ గుడ్డముక్క, ఒక నల్లగుడ్డ ముక్క పెట్టుకుని, పక్కన సొంత అరచేయి ఉంచి బాగా చూసుకోవాలి. చీకటి పడ్డాక అదే పళ్లెాన్ని ముందు పాత బల్బు కింద, తర్వాత కొత్త బల్బు కింద చూడాలి. కారం పొద్దున చూసినంత ఎర్రగా ఉందా, అరచేతిలో గులాబీ ఛాయ ఉందా, నీలమూ నలుపూ విడిగా తెలుస్తున్నాయా? ఇంట్లో ఇద్దరు ముగ్గురు విడివిడిగా చూసినా తేడా కనిపించకపోతే, బిల్లు పారేయకముందే బల్బును దుకాణానికి తిరిగి పట్టుకెళ్లొచ్చు.